అన్నింటికీ ‘సరే మేడం’ అన్న క్లయింట్: ఒక కోచింగ్ కేస్ స్టడీ

ఎగ్జిక్యూటివ్ కోచింగ్‌లోకి, అంటే కంపెనీల్లో పెద్ద బాధ్యతల్లో ఉన్నవాళ్ళు తమ తీరు మార్చుకోవడానికి విడిగా కూర్చుని సాయపడే పనిలోకి, కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది మొండి క్లయింట్ల గురించి. ఎదురు తిరిగేవాళ్ళతో, సెషన్లు ఎగ్గొట్టేవాళ్ళతో, "అసలు నాకు కోచ్ ఎందుకండీ" అని మొహం మీదే అడిగేవాళ్ళతో ఎలా నెగ్గుకురావాలి అని. నిజానికి వాళ్ళతో పని తేలిక, ఎందుకంటే వాళ్ళు ఎక్కడున్నారో మనకు తెలుస్తూనే ఉంటుంది. నాకు కష్టం అనిపించేది చెప్పినదానికల్లా తలూపే క్లయింట్. టైముకు వస్తారు, ఒప్పుకున్న పనులన్నీ చేసుకొస్తారు, ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఫుల్ మార్కులు వేస్తారు, కానీ ఏమీ మారదు. ఈ కేసు అలాంటిది. క్లయింట్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన్ని గానీ కంపెనీని గానీ గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాంట్లు ఉన్న ఒక ఫార్మా కంపెనీ. మాత్రలు, క్యాప్సూల్స్ తయారుచేసి ఎక్కువగా అమెరికాకు పంపుతారు. క్లయింట్ వయసు నలభై అయిదు పైన. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి షిఫ్టులో కెమిస్టుగా చేరి, రాత్రి షిఫ్టులు, ఆడిట్లు, బదిలీలు అన్నీ దాటుకుని ప్లాంట్ హెడ్ అయ్యారు. నా దగ్గరికి వచ్చేసరికి మరికొన్ని ప్లాంట్ల బాధ్యత కొత్తగా మీద పడింది. ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్ నుంచి ప్రైవేటు కంపెనీలకు వచ్చిన సీనియర్ల కింద పని నేర్చుకున్న తరం ఆయనది. ఆ సీనియర్ల దగ్గర పని పట్ల నిష్ఠ ఎంత నేర్చుకున్నారో, తప్పు కనబడితే షాప్ ఫ్లోర్ మీదే నలుగురి ముందు దులిపేయడం కూడా అంతే నేర్చుకున్నారు. ఆయనకు అది కోపంలా అనిపించదు, పనిలో భాగం.

కోచింగ్ కావాలన్నది కంపెనీ. హెచ్‌ఆర్ హెడ్ చెప్పిన ప్రకారం ఆయన ఉన్న మీటింగుల్లో ఎవరూ నోరు విప్పరు, క్వాలిటీ విభాగం నుంచి ఇద్దరు మేనేజర్లు వెళ్ళిపోతూ ఆయన పేరే చెప్పారు, ఒక డీవియేషన్ ఆయన దాకా రావాల్సిన దానికంటే చాలా ఆలస్యంగా వచ్చింది. ఫార్మా తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, తయారీలో రాసిపెట్టుకున్న పద్ధతికి ఏ చిన్న తేడా జరిగినా దాన్ని డీవియేషన్‌గా నమోదు చేసి, కారణం వెతికి, సరిచేసే, మళ్ళీ జరగకుండా ఆపే చర్య చూపించాలి. ఆ చర్యను కాపా అంటారు. దాచిన డీవియేషన్ రేపు ఇన్‌స్పెక్షన్‌లో బయటపడితే అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ వాళ్ళు ఫారం 483 చేతికిస్తారు, అంటే వాళ్ళు గమనించిన లోపాల (అబ్జర్వేషన్ల) లిస్టు. దానికి 15 పనిదినాల్లో జవాబు పంపుకోవాలి, జవాబు వాళ్ళకు నచ్చకపోతే అక్కడి నుంచి వార్నింగ్ లెటర్ దాకా పోవచ్చు. అంటే కింది వాళ్ళు భయపడి చెప్పకపోవడం ఇక్కడ ఆఫీసు వాతావరణానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, వ్యాపారానికే ముప్పు.

ఆయన పైఅధికారి మాటలు ఇంకా సూటిగా ఉన్నాయి. టెక్నికల్‌గా ఆయనకు సాటి వచ్చేవాళ్ళు లేరు, కానీ ఇలాగే ఉంటే పై సీటు ఇవ్వలేం.

ఇక ఆయన్ని మీకేం కావాలని అడిగితే "కంపెనీ నా మీద ఇంత ఖర్చు పెడుతోంది మేడం, మీరు ఏం చెప్తే అది చేస్తాను" అన్నారు. మొదటి రోజు ఆ మాట వినయంలా వినిపించింది.

ఇంకో చిన్న విషయం కూడా అప్పుడే కనిపించింది. కంపెనీ ఆయనకు ముగ్గురు కోచ్‌ల ప్రొఫైళ్ళు ఇచ్చి, కలిసి మాట్లాడి ఒకరిని ఎంచుకోమంది. ఒకరికొకరు కుదురుతామో లేదో చూసుకునే ఈ మొదటి కలయికను కెమిస్ట్రీ మీటింగ్ అంటారు, మాది కాసేపట్లోనే అయిపోయింది. నన్ను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, సాయంత్రానికల్లా నన్నే ఎంచుకున్నట్టు మెయిల్ వచ్చింది. ఆ తొందరకు కారణం చాలా తర్వాత తెలిసింది, అక్కడికి వస్తాను.

మొదట చేసినవి

అందరం చేసేదే నేనూ చేశాను, దగ్గరితనం పెంచే ప్రయత్నం. ఇంగ్లిష్ పక్కనపెట్టి తెలుగులో మాట్లాడుకున్నాం. ఊరు, చదువు, పిల్లలు. మా ఇద్దరిదీ పక్కపక్క జిల్లాలని తేలింది. మామూలుగా ఇలాంటప్పుడు మనుషులు కొంచెం వదులవుతారు, ఈయన ఇంకా బిగుసుకున్నారు. దీని గురించి తర్వాత బాగా ఆలోచించాను. మనవాళ్ళ మధ్య "మీది ఏ ఊరండీ" అన్న ప్రశ్న అక్కడితో ఆగదు. ఊరి తర్వాత ఇంటిపేరు, ఇంటిపేరు తర్వాత ఎవరి తాలూకు అనేది, ఆ తర్వాత ఇద్దరికీ తెలిసిన మనిషి ఎవరో ఒకరు బయటపడతారు. మామూలు పరిచయంలో అది ముచ్చటగానే ఉంటుంది. కానీ తన ఉద్యోగం గురించి, తన లోపాల గురించి మాట్లాడాల్సిన మనిషి దగ్గర అదే దారి భయంగా మారుతుంది. ఇక్కడ అన్న మాట ఏ పెళ్ళిలోనో ఎవరి నోటనో తిరిగి వినాల్సి వస్తుందేమో అన్న లెక్క మొదలవుతుంది. హైదరాబాద్ ఫార్మా అసలే చిన్న ప్రపంచం, అందరికీ అందరూ తెలుసు.

తర్వాత త్రీ సిక్స్టీ ఫీడ్‌బ్యాక్. ఆయన కింద, పక్కన, పైన పనిచేసేవాళ్ళలో కొంతమందితో విడివిడిగా మాట్లాడి, పేర్లు లేకుండా సారాంశం ఆయన ముందు పెట్టాను. కటువైన మాటలు చాలా ఉన్నాయి. ఏ మనిషికైనా ఎక్కడో ఒకచోట మనసు చివుక్కుమంటుంది, "ఇది మాత్రం అన్యాయం" అంటారు. ఆయన ఒక్కో లైను చదివి "కరెక్టే మేడం" అన్నారు. చివరి పేజీ దాకా అంతే. ఆ రోజే ఒక యాక్షన్ ప్లాన్ రాసుకున్నాం. వారానికి ఇద్దరు జూనియర్లతో విడిగా మాట్లాడటం, మీటింగులో చివర మాట్లాడటం, ఫ్లోర్ మీద ఎవరినీ అందరి ముందు అనకపోవడం.

ప్రతి సెషన్‌కూ డైరీ పట్టుకుని వచ్చి, ఏ తేదీన ఎవరితో ఎంతసేపు మాట్లాడారో చదివేవారు. అడిగినదానికి జవాబు చెప్పి ఆగిపోయేవారు. నేను మౌనంగా ఉంటే ఆయనా మౌనంగా ఉండేవారు, ఆ మౌనం ఆయనకు ఏమాత్రం ఇబ్బందిగా లేదు. కోచ్‌లకు మౌనం పెద్ద ఆయుధం అని నేర్పిస్తారు కదా, ఈయన దగ్గర అది పనిచేయలేదు.

ఫలితం లేదని ఎలా తెలిసింది

హెచ్‌ఆర్ నుంచి ఏ ఫిర్యాదూ లేదు, పైగా బాగా జరుగుతోందట కదా అన్నారు. నాకు అనుమానం ఆయన డైరీ వల్లే వచ్చింది. జూనియర్లతో మాట్లాడిన మాటలు చదువుతున్నప్పుడు ఒక్కచోట కూడా ఆయనకు తెలియని విషయం కనబడలేదు. ఒక మనిషితో ఇరవై నిమిషాలు నిజంగా మాట్లాడితే కొత్త సంగతి ఒక్కటైనా తెలియదా? మాటలు జరుగుతున్నాయి, వాటిలో ఏమీ లేదు. మా సెషన్లూ అచ్చం అలాగే ఉన్నాయని అప్పుడు తట్టింది. నాకు ఆయన గురించి డైరీలో ఉన్నదానికి మించి ఏమీ తెలియదు.

ఈ తీరు ఎక్కడిదో ఆలోచిస్తుంటే ఆడిట్ గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్షన్ సమయంలో ప్లాంట్లలో ఫ్రంట్ రూమ్, బ్యాక్ రూమ్ అని రెండు పెట్టుకుంటారు. ఇన్‌స్పెక్టర్ ఫ్రంట్ రూమ్‌లో కూర్చుంటారు, అడిగిన కాగితం బ్యాక్ రూమ్‌లో సరిచూసుకుని పంపుతారు. ఇన్‌స్పెక్టర్ ఎదుట కూర్చునేవాళ్ళకు ఇచ్చే శిక్షణ ఏమిటంటే అడిగినదానికే జవాబు చెప్పు, అడగనిది చెప్పకు, వాదించకు, మౌనాన్ని నింపడానికి మాట్లాడకు. ఇరవై ఏళ్ళకు పైగా ఆయన అందులో ఆరితేరారు. నన్ను ఆయన ఇన్‌స్పెక్టర్ సీటులో కూర్చోబెట్టారు. త్రీ సిక్స్టీ రిపోర్టు అబ్జర్వేషన్ల లిస్టు అయింది, యాక్షన్ ప్లాన్ కాపా అయింది, డైరీ సాక్ష్యం అయింది. ఆయన లెక్కలో అంతా సక్రమంగా నడుస్తోంది.

ఏం చేయాలన్నదాని మీద ఆలోచన

మొదట తోచింది మొహమాటం లేకుండా చెప్పేయడం. "మీరు అన్నింటికీ సరే అంటున్నారు, అసలు మీ మనసులో ఉన్నది చెప్పండి" అని. నేను దాన్ని పక్కనపెట్టాను. అది కూడా ఇంకో అబ్జర్వేషన్ అవుతుంది, "కరెక్టే మేడం, మార్చుకుంటాను" అంటారు, వచ్చే సెషన్‌కి మనసులోని మాటలు మూడు డైరీలో రాసుకొస్తారు. నవ్వొస్తుంది గానీ సరిగ్గా అదే జరిగేది.

రెండోది కోచింగ్ ఆపేయడం. అది న్యాయమైన దారే, కానీ ఆయన ఫైలులో "కోచింగ్ ఇచ్చినా లాభం లేదు" అన్న ముద్ర పడుతుంది.

మూడోది, ఆయన ఎందుకు నన్ను అలా చూస్తున్నారో ఆయన వైపు నుంచి చూడటం. సైకోథెరపీ పరిశోధనలో ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో ఒక మాట చెప్పారు. సహాయం చేసే మనిషికీ తీసుకునే మనిషికీ మధ్య పొత్తుకు మూడు కాళ్ళు ఉంటాయి: గమ్యం మీద ఒప్పుదల, చేయాల్సిన పనుల మీద ఒప్పుదల, ఇద్దరి మధ్య అనుబంధం. కోచింగ్‌లో సంబంధం గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ ఈ మూడింటినే పట్టుకుంటారు. నేను మూడోదాని మీద చెమటోడుస్తున్నాను, మొదటిది అసలు ఆయనది కాదు. గమ్యం హెచ్‌ఆర్‌ది, పనులు నేనూ ఆయనా కలిసి రాసినట్టు కనిపించినా నావే. ఇక ఊళ్ళ కబుర్లతో అనుబంధం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ పొత్తు దెబ్బతినడం గురించి రాసిన జెరెమీ సఫ్రాన్, క్రిస్టఫర్ మురాన్ అది రెండు రకాలుగా కనిపిస్తుందంటారు, ఎదురు తిరగడం ఒకటి, వెనక్కి తగ్గడం ఇంకొకటి. రెండో రకంలో మనిషి మర్యాదగా, అతిగా ఒప్పుకుంటూ దూరం జరుగుతాడు. నా ముందున్నది అదే.

గోప్యత సంగతీ తిరిగి చూశాను. మొదట్లోనే కంపెనీ, ఆయన, నేను మూడు పక్షాల ఒప్పందం రాసుకున్నాం. సెషన్‌లో మాట్లాడింది బయటికి పోదు, హాజరు, లక్ష్యాల వరకే కంపెనీకి చెబుతాను అని అందులో స్పష్టంగా ఉంది, ఆయన సంతకం చేశారు. రోజుకు ఎన్నో బ్యాచ్ రికార్డుల మీద సంతకాలు పెట్టే మనిషికి ఇంకో సంతకం వల్ల నమ్మకం కుదురుతుందా? ఆయనకు కనిపించేది వేరు. నాకు డబ్బు ఇచ్చేది హెచ్‌ఆర్. సెషన్ అయ్యాక నేను ఇన్‌వాయిస్ పని మీద హెచ్‌ఆర్ హెడ్ క్యాబిన్‌లోకి వెళ్తే అద్దాల తలుపు బయటి నుంచి ఆయనకు కనబడుతుంది. లోపల ఇన్‌వాయిస్ గురించే మాట్లాడుకున్నామని ఆయన ఎందుకు నమ్మాలి?

పనిచేసినవి

అందుకే ముందు మార్చింది ఆయన్ని కాదు, ఏర్పాటును. హెచ్‌ఆర్ హెడ్‌తో, పైఅధికారితో మాట్లాడి మూడు మార్పులు కోరాను. ఆయన గురించి నేను ఏ నోటూ రాయను, ప్రగతి ఏమైనా ఉంటే ఆయనే రాసి పంపుతారు. ఆయన లేకుండా ఆయన గురించి నాతో ఎవరూ మాట్లాడరు, ఫోనులో కూడా. ఇక పైఅధికారి తన అభిప్రాయం నా ద్వారా పంపకుండా ఎదురుగా కూర్చుని ఆయనకే చెప్పాలి. హెచ్‌ఆర్ హెడ్‌కు ఇది నచ్చలేదు. "డబ్బు పెట్టేది మేము, ఏం జరుగుతోందో మాకు తెలియొద్దా" అన్నారు. సబబైన ప్రశ్న. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి నలుగురం కూర్చుందాం, ప్లాంటులో ఏం మారిందో మీ కళ్ళతో మీరే చూసి చెప్పండి, నా మాట మీద ఆధారపడకండి అన్నాను. ఆయన పని తీరు మారిందా లేదా అన్నది నా నోట్ కంటే వాళ్ళ ప్లాంట్ ఎక్కువ చెబుతుంది. పైఅధికారి ముందు ఒప్పుకున్నారు, తర్వాత హెచ్‌ఆర్ కూడా. ఇన్‌వాయిస్‌లు ఆ రోజు నుంచి మెయిల్‌లోనే.

ఈ మార్పులు వివరిస్తూ నేను రాసిన మెయిల్ ఆయనకు కాపీ పెట్టాను. దాని గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

తర్వాతి సెషన్‌లో యాక్షన్ ప్లాన్ తీయలేదు. లక్ష్యాల కాగితం ప్రింట్ తీసి, పెన్ను ఇచ్చి, "వీటిలో మీవి కానివి కొట్టేయండి, నేను పైవాళ్ళతో మాట్లాడతాను" అన్నాను. ఎందుకు ఇలా అంటే, మనసు విప్పమని అడిగితే అది పరీక్ష అవుతుంది, అదే కొట్టేసే అధికారం ఇస్తే కాదనడం ఆయన పని అవుతుంది. చాలాసేపు కాగితం చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. నేను ఏమీ అనలేదు. లేచే ముందు రెండో లైను మీద వేలు పెట్టి "ఇది నాది కాదు మేడం" అన్నారు. మీటింగుల్లో అందరూ మాట్లాడేలా చూడాలి అన్న లైను అది.

ఎందుకు కాదో చెప్పడం మొదలుపెడితే సెషన్ టైము దాటిపోయింది. పొద్దున ప్రొడక్షన్ మీటింగ్‌లో అందరూ మాట్లాడుతూ కూర్చుంటే లైను ఎప్పుడు మొదలవుతుంది, బ్యాచ్ ఎప్పుడు బయటికి వెళ్తుంది, కోచ్‌లకు ఇది తెలియదు అన్నారు. గొంతు పెరిగింది. నేను ఒప్పుకోలేదు. టైము మిగిలిందనుకుంటున్నారు, ఆ మీటింగ్‌లో చెప్పని డీవియేషన్ మీకు ఎన్ని రోజులు తిన్నదో లెక్కేశారా అన్నాను. ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం, ఎవరూ తగ్గలేదు. కోచ్ వాదించకూడదని మా శిక్షణలో అంటారు, మామూలుగా నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడ మాత్రం నేను వెనక్కి తగ్గి తలూపితే ఆయన చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది. కాదన్నా సంబంధం చెడదని ఆయనకు ఒకసారి అనుభవంలోకి రావాలి, మాటలతో చెబితే సరిపోదు.

ఆ వాదన తర్వాతే రెండు సంగతులు బయటికి వచ్చాయి. చాలా ఏళ్ళ కింద, వేరే ఉద్యోగంలో, ఒక మీటింగ్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ తర్వాత కొన్నాళ్ళు పక్కన కూర్చోబెట్టబడ్డారు. వివరాలు రాయను. మీటింగ్‌లో నిజం చెప్పడం తెలివైన పని కాదని ఆయన అప్పుడు నేర్చుకున్నారు, తన కింది వాళ్ళు నేర్చుకున్నదీ అదే అని ఎప్పుడూ అనుకోలేదు. రెండోది, నన్ను ఎందుకు ఎంచుకున్నారో. ముగ్గురిలో ఫార్మా గురించి ఏమీ తెలియనిది నేనొక్కదాన్నే, ఈ రంగంలో నాకు ఎవరూ తెలియరు, కాబట్టి నా వల్ల ప్రమాదం తక్కువ. నా అనుభవం, సర్టిఫికెట్లు ఆ లెక్కలోకే రాలేదు. కొంచెం చివుక్కుమంది గానీ, మొదటి సెషన్లలో నేను పక్క జిల్లా చుట్టరికం కలుపుతుంటే ఆయన ఎందుకు బిగుసుకున్నారో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

రెండో లక్ష్యాన్ని తీసేయలేదు, తిరగరాశాం, ఆయన మాటల్లో. "డీవియేషన్ నాకు అదే షిఫ్టులో తెలియాలి." మీటింగులో ఎవరు ఎంత మాట్లాడతారన్నది వదిలేశాం. ఆయనకు కావాల్సింది ఇది, కంపెనీకి కావాల్సిందీ ఇదే, చేరే దారి మాత్రం ఆయన ఎంచుకోవాలి.

కొంతకాలానికి పొద్దుటి మీటింగ్‌కు రమ్మని ఆయనే పిలిచారు. మొదట్లో హెచ్‌ఆర్ ఈ మాట అంటే నేను వద్దన్నాను, అప్పుడు వెళ్తే జనం నన్ను వేగు కింద లెక్కగట్టేవాళ్ళు, ఆయనా అలాగే అనుకునేవారు. ఇప్పుడు ఆహ్వానం ఆయనది. ఎలా పరిచయం చేస్తారో ముందే మాట్లాడుకుందామన్నాను, అక్కర్లేదన్నారు. అందరి ముందు "ఈవిడ నా కోచ్. నేను అరవడం తగ్గించుకోవడానికి వచ్చారు" అన్నారు. ఎవరూ నవ్వలేదు, నవ్వొచ్చో లేదో తెలియక. నా అంచనాలో ఈ మొత్తం కోచింగ్‌లో అన్నిటికంటే ఎక్కువ పనిచేసిన మాట అదే, అందులో నా ప్రమేయం లేదు.

ఆ తర్వాత నమోదైన డీవియేషన్ల సంఖ్య పెరిగింది. నలుగురం కూర్చున్న చివరి మీటింగ్‌లో పైఅధికారి దీన్నే పట్టుకున్నారు, కోచింగ్ ఇప్పిస్తే ప్లాంట్ పాడైందా అని. ఆయన డైరీ తీయలేదు. ఇవి ముందు కూడా జరిగేవి, ఇప్పుడు రాస్తున్నారు అని చెప్పి, రెండు ఉదాహరణలిచ్చి, ఒకదాంట్లో తన తప్పేమిటో కూడా చెప్పారు. పైఅధికారి పూర్తిగా ఒప్పుకున్నట్టు కనిపించలేదు. ఆయన అయినా మాట మార్చలేదు. అరవడం ఆగిందా అంటే, తగ్గింది, ఆగలేదు. జూనియర్లతో విడిగా మాట్లాడే పని మాత్రం మధ్యలోనే మానేశారు, అది మొదటి నుంచీ నాదే కదా.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

సాన్నిహిత్యం కోసం కబుర్లతో మొదలుపెట్టడం నేను పూర్తిగా మానలేదు, కానీ క్లయింట్ ఆ దారి తెరిస్తే తప్ప ఊరూ పేరూ అడగను. మన దగ్గర ఇది ముఖ్యం. సమాచారం చుట్టరికాల మీద పరిగెత్తే చోట, అపరిచయం కూడా ఒక రక్షణ.

ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ 2019లో సవరించిన, కోచ్‌లకు ఉండాల్సిన సామర్థ్యాల జాబితాలో ఎనిమిది ఉంటాయి. ఒప్పందాలు కుదుర్చుకోవడం మూడోది, నమ్మకం, భద్రత పెంచడం నాలుగోది. మనలో చాలామంది మూడోదాన్ని కాగితం పని కింద ముగించేసి నాలుగోదాని దగ్గర సమయమంతా పెడతారు. కంపెనీ డబ్బుతో జరిగే కోచింగ్‌లో ఆ రెండూ ఒకే పని అని నా అభిప్రాయం. ఒప్పందంలో ఏం రాశామన్నది క్లయింట్ చూడరు, రిపోర్ట్ ఎవరు రాస్తున్నారు, కోచ్ ఎవరి క్యాబిన్‌లో కూర్చుంటున్నారు అన్నది చూస్తారు. గోప్యత గురించి స్పాన్సర్‌తో, అంటే డబ్బు పెట్టే కంపెనీతో, జరిగే బేరం కూడా క్లయింటుకు కనబడేలా జరగాలి.

మార్కుల ఫారాలు ఇప్పటికీ వాడుతున్నాను, వాటిలో ఫుల్ మార్కులు వస్తే మాత్రం సంతోషపడను. అప్పుడు చూసేది ఒక్కటే, ఈ మనిషి ఇప్పటిదాకా నాతో దేనికైనా విభేదించారా అని.

అలాగని సరే అనే ప్రతి క్లయింటూ జాగ్రత్త కోసమే అంటున్నారనుకోవద్దు. కొందరికి అసలు ఆసక్తే ఉండదు, కంపెనీ పంపింది కాబట్టి వస్తారు. బయటికి ఇద్దరూ ఒకేలా కనబడతారు. లక్ష్యాల కాగితం, పెన్ను ఇచ్చి మీవి కానివి కొట్టేయమంటే తేడా కొంతవరకు తెలుస్తుంది. జాగ్రత్తపడే మనిషి కాగితం మీద చాలాసేపు ఆగుతారు. ఆసక్తి లేని మనిషి ఏదో ఒకటి గీసేసి ఫోన్ చూసుకుంటారు. అలాంటివాళ్ళతో ఏర్పాట్లు మార్చినా, వాదించినా ఉపయోగం ఉండదు, వాళ్ళనే ఎదురుగా కూర్చోబెట్టుకుని స్పాన్సర్‌తో కోచింగ్ ఆపేద్దామని చెబుతాను.